హెర్న్‌హూట్ సహోదరులు సమాధానపడిన విధము

స్వదేశమును విడిచి దూరదేశమునకు పోయిన కుటుంబములు ఒకే వరుస యిండ్లలో కాపురముండవలసి వచ్చినప్పుడు వారిమధ్య ప్రేమ పుట్టుట యెంత సహజమో, కలహము పుట్టుటయు నంతే సహజము. గోడ యొకటే, నీరు తెచ్చుకొను చోటు ఒకటే, ఆరాధనకు కూడు మందిరము ఒకటే. కాని వచ్చిన యూళ్లు వేరు, ఆచారములు వేరు, చిన్ననాట నేర్చుకొనిన బోధయు వేరు. నేడు బిడ్డలమధ్య పుట్టిన మాట రేపటికి పెద్దలమధ్య పగయగును. ఆదివారమున ఒక్క బల్లయొద్ద ప్రభుభోజనము పుచ్చుకొనినవారు సోమవారమున ఒకరి ముఖమొకరు చూడకుండ పనికి పోవుదురు.

ఇట్టి దుఃఖము క్రైస్తవ సంఘములకు క్రొత్తది కాదు. సుమారు మూడు వందల సంవత్సరములక్రిందట జర్మనీ దేశములోని సాక్సనీ ప్రాంతమున, హెర్న్‌హూట్ అను చిన్న గ్రామములో, విశ్వాసముకొరకు సమస్తమును విడిచి వచ్చినవారే ఒకరి నొకరు దూషించుకొని చీలిపోవుటకు సిద్ధపడిరి. వారు కలహించిన విధమును, తిరిగి కలిసికొనిన విధమును, ఆ సమాధానము సముద్రములు దాటి చెరకు తోటలకు చేరిన విధమును తెలిసికొనుట తోటలలో నివసించు కుటుంబములకు మిక్కిలి ప్రయోజనకరము.

దేశము విడిచినవారు

బొహీమియా, మొరావియా అను ప్రాంతములు నేడు చెక్ దేశమున చేరియున్నవి. అచ్చట యాన్ హుస్ అను బోధకుడు ప్రజల భాషలో వాక్యమును బోధించి, సంఘనాయకుల దోషములను నిర్భయముగా ఖండించెను. అతడు మతద్రోహియని తీర్పు చెప్పి, 1415వ సంవత్సరము జూలై 6వ తేదీని కాన్‌స్టన్స్ నగరమున అతనిని సజీవముగా దహించిరి. అతని బోధవలన ప్రేరేపింపబడిన కొందరు 1457వ సంవత్సరమున సహోదరుల సమాజముగా ఏర్పడిరి. 1620వ సంవత్సరమున ప్రేగు నగరమునకు సమీపమున జరిగిన యుద్ధములో ప్రొటెస్టెంటు పక్షమువారు ఓడిపోగా, ఈ సహోదరులకు స్వదేశమందే నిలువ నీడ లేకపోయెను. కొందరు పరదేశములకు పోయిరి. మిగిలినవారు పైకి రాజమతము నవలంబించి, ఇండ్లలో తలుపులు మూసికొని పాత పుస్తకములను చదువుకొనుచు, తాతల భక్తిని మనుమలకు నేర్పుచు వచ్చిరి. ఇట్లు నూరు సంవత్సరములు గడచెను.

మొరావియాలో క్రిస్టియన్ దావీదు అను వడ్రంగి యుండెను. అతడు రోమను కతోలికుడుగా పెరిగి, బైబిలు చదివి, తరువాత ప్రొటెస్టెంటు సంఘమున చేరినవాడు. రహస్యముగా ప్రార్థించుకొను కుటుంబములను అతడు దర్శించి, వారికి ఆశ్రయము దొరకు చోటును వెదకుచుండెను. సాక్సనీలో నికొలాస్ లూడ్విగ్ జిన్‌జెన్‌డార్ఫ్ అను యువక జమీందారు అట్టివారిని తన భూమిలో ఉండనిచ్చుటకు సమ్మతించెను. 1722వ సంవత్సరము మే నెలలో నైసర్ అను ఇంటిపేరుగల అన్నదమ్ములు, కత్తులు చేయు పనివారు, ఇల్లును సామానును విడిచి, భార్యలతోను పసిబిడ్డలతోను రాత్రివేళ బయలుదేరి, దావీదు దారి చూపగా సరిహద్దు దాటిరి.

జిన్‌జెన్‌డార్ఫ్ 1700వ సంవత్సరమున జన్మించెను. 1722లో అతడు బెర్తెల్స్‌డార్ఫ్ జమీని తన మాతామహియొద్ద కొనెను. ఆ జమీలో, గ్రామమునకు సుమారు ఒక మైలు దూరమున, అడవియు బురదయునైన చోటు వలస వచ్చినవారికి చూపబడెను. జూన్ 17వ తేదీని క్రిస్టియన్ దావీదు గొడ్డలి నెత్తి మొదటి చెట్టును నరికెను. అచ్చట లేచిన ఊరికి హెర్న్‌హూట్, అనగా ప్రభువు కాపుదల, అను పేరు వచ్చెను.

కలహము పుట్టుట

ఆశ్రయము దొరకునను మాట వ్యాపించెను. మొరావియానుండి మాత్రమే గాక ఇతర ప్రాంతములనుండియు జనులు వచ్చి చేరిరి. 1727వ సంవత్సరమునాటికి ఆ గ్రామమున సుమారు 300 మంది యుండిరి. వారిలో లూథరు సంఘమువారును, కాల్విను బోధ ననుసరించు రిఫార్ముడు సంఘమువారును, ష్వెంక్‌ఫెల్డ్ అను భక్తుని మార్గమువారును, పూర్వపు సహోదరుల సంతతివారును ఉండిరి. అందరును హింసపడినవారే, అందరును బైబిలు చదువువారే. అయినను ప్రభుభోజనమును గూర్చి ఒకరి భావము మరియొకరికి గిట్టదు. మొరావియావారు తమ పితరుల సంఘక్రమము తమకు కావలెననిరి. ఆ చోటు బెర్తెల్స్‌డార్ఫ్ లూథరు సంఘమునకు చేరినది గనుక అందరును దాని కాపరియగు రోథే చెప్పినట్లు నడువవలెనని మరికొందరనిరి.

1726వ సంవత్సరమున క్రూగర్ అను వాచాలుడొకడు గ్రామమునకు వచ్చెను. జమీందారును కాపరియు ప్రకటన గ్రంథములో చెప్పబడిన మృగమును అబద్ధప్రవక్తయు ననియు, వారిని విడిచి బయటికి రావలెననియు అతడు బోధింప మొదలుపెట్టెను. కొంతకాలమునకు అతడు మతి చలించి గ్రామము విడిచిపోయెను. గాని అతడు చల్లిన విషబీజములు అచ్చటనే మొలచెను. గ్రామమునకు మొదటి చెట్టు నరికిన క్రిస్టియన్ దావీదు సయితము ఆ మాటలు నమ్మి, సహోదరులతో సహవాసము మాని, ఊరి వెలుపల వేరుగ ఇల్లు కట్టుకొని కాపురముండెను. రాత్రివేళ ప్రాణములకు తెగించి కుటుంబములను సరిహద్దు దాటించినవాడు, తాను దాటించినవారితోనే మాటలాడుట మానెను. పరులు పెట్టిన హింసకు విడిపోనివారిని స్వజనుల మాటలు విడదీసెను.

జమీందారు ఇల్లిల్లు తిరుగుట

అప్పుడు జిన్‌జెన్‌డార్ఫ్ డ్రెస్డెన్ నగరమందు సాక్సనీ ప్రభుత్వ కొలువులో న్యాయసంబంధమైన ఉద్యోగము చేయుచుండెను. భూమి అతనిది, దూషింపబడినవాడును అతడే. తన్ను మృగమని పిలిచినవారిని వెళ్లగొట్టుటకు అతనికి అధికారము లేకపోలేదు. అతడు అట్లు చేయలేదు. 1727వ సంవత్సరము వసంతకాలమున ఉద్యోగమునుండి సెలవు పుచ్చుకొని హెర్న్‌హూట్‌నకు వచ్చి, అచ్చటనే నివసించుచు, ఇల్లిల్లు తిరిగి, ప్రతివారి మనవిని విని, వాక్యము తెరచి మాటలాడెను. తనవారితో సమాధానపడవలసినవాడు కానుకను బలిపీఠమునొద్ద విడిచి ముందుగా వారియొద్దకు పోవలెనని ప్రభువు కొండమీద బోధించెను గదా. ఇచ్చట బలముగలవాడే ముందు నడచి, బలహీనుని గుమ్మము తట్టెను.

మే 12వ తేదీని గ్రామస్థులందరును కూడుకొనిరి. జిన్‌జెన్‌డార్ఫ్ మూడు గంటలసేపు మాటలాడి, సంఘమును చీల్చుట ఎంతటి పాపమో వివరించెను. పిమ్మట రెండు పత్రములు చదువబడెను. ఒకటి జమీందారు తన రైతులకిచ్చిన శాసనము. గ్రామవాసులు వెట్టి బానిసత్వమునుండి శాశ్వతముగా విముక్తులని దానిలో వ్రాయబడెను. రెండవది సహోదరుల ఒడంబడిక. ఏ సంఘమునకు చేరినవారైనను దేవుని బిడ్డలందరిని ప్రేమింపవలెననియు, భావభేదమునుబట్టి ఎవరిని తీర్పు తీర్చరాదనియు, వ్యర్థవాదములు పెట్టుకొనరాదనియు అందలి భావము. జనులు చేతిలో చెయ్యి వేసి ఆ ఒడంబడికను అంగీకరించిరి.

ఆ దినముననే సంఘవిచారణకై 12 మంది పెద్దలు ఎన్నుకొనబడిరి. కొన్ని దినములలో వారిలోనుండి నలుగురు ప్రధానులు చీట్లవలన నియమింపబడిరి. ఆ నలుగురిలో క్రిస్టియన్ దావీదు ఒకడు! వేరింటికి పోయినవాడు తిరిగి వచ్చినప్పుడు సంఘము అతనిని వెనుక వరుసలో కూర్చుండబెట్టలేదు. క్షమించితిమని నోటితో పలికి, పనిలో నమ్మకుండుట పూర్ణమైన క్షమాపణ కాదు. హెర్న్‌హూట్‌వారు అతని తప్పును మాత్రమే గాక అతని పూర్వపు సేవనుకూడ జ్ఞాపకమందుంచుకొనిరి.

అయినను సంతకము చేసిన దినముననే హృదయములు మారలేదు. అందుకు మూడు నెలలు పట్టెను. వేసవిలో ఇద్దరు ముగ్గురు చొప్పున చిన్న చిన్న కూటములుగా చేరి, తమ తప్పులను ఒకరితో నొకరు ఒప్పుకొని ప్రార్థించు అలవాటు మొదలయ్యెను. ఆ దినములలోనే జిన్‌జెన్‌డార్ఫ్‌నకు జిట్టౌ పట్టణపు గ్రంథాలయమున కొమేనియస్ ప్రచురించిన పాత పుస్తకమొకటి దొరకెను. 1670వ సంవత్సరమున మృతినొందిన ఆ కొమేనియస్ పూర్వపు సహోదరుల బిషపులలో ఒకడు. పితరుల సంఘక్రమము ఆ పుస్తకమున వివరింపబడియుండెను. దానిలోని భాగములను చదివి వినిపించగా, తాము మే నెలలో చేసికొనిన ఒడంబడిక తమ పితరుల క్రమమునకు ఎంతో దగ్గరగా ఉన్నదని మొరావియావారు గ్రహించి ఆశ్చర్యపడిరి. పితరుల మార్గమును విడువుమని తమ్ము నెవరును బలవంతపెట్టుట లేదని తెలిసినప్పుడు వారి భయము తగ్గెను. అనేక కలహములకు మూలము ద్వేషము కాదు. తమకు ప్రియమైనది పోవునేమో అను భయము.

ఆగస్టు 13వ తేది

1727వ సంవత్సరము ఆగస్టు 13వ తేది బుధవారము. ఆ దినమున గ్రామస్థులందరును బెర్తెల్స్‌డార్ఫ్ దేవాలయమున ప్రభుభోజనము పుచ్చుకొనుటకు ఏర్పాటయ్యెను. ఉదయమున రోథే హెర్న్‌హూట్‌లో ప్రభుభోజనమును గూర్చి క్లుప్తముగా బోధించెను. పిమ్మట అందరును కాలినడకను బయలుదేరిరి. ఆ మైలు దారిలో జనులు ఇద్దరిద్దరుగా నడచుచు మాటలాడుకొనిరి. బహుకాలము మాటలు లేనివారు ఒకరి ప్రక్క నొకరు నడచి, తప్పు ఒప్పుకొని, క్షమాపణ వేడుకొనిరి. దేవాలయమునకు చేరకముందే సమాధానము మొదలయ్యెను.

దేవాలయమున ఇద్దరు చిన్నవారికి నిర్ధారణసంస్కారము జరిగెను. జిన్‌జెన్‌డార్ఫ్ సంఘమందలి చీలికలను ఒప్పుకొనుచు అందరి పక్షమున ప్రార్థించెను. పొరుగున నున్న హెన్నర్స్‌డార్ఫ్ కాపరి ప్రభుభోజనమును పంచిపెట్టెను. జనులు కన్నీరు విడిచిరి. ఏ భోజనమును గూర్చి వాదించి విడిపోయిరో, ఆ భోజనమునందే వారు కలిసికొనిరి. వారి భావభేదములన్నియు ఆ దినమున సమసిపోలేదు. లూథరువారు లూథరువారుగానే యుండిరి; మొరావియావారు మొరావియావారుగానే యుండిరి. కాని భేదము పగగా మారకుండ నుండుట వారు నేర్చుకొనిరి.

ఆరాధన ముగిసిన తరువాతను జనులకు ఒకరిని విడిచి ఒకరు ఇంటికి పోవుటకు మనసొప్పలేదు. ఆరేడు గుంపులుగా అచ్చటచ్చట కూర్చుండి మాటలాడుచుండిరి. అది చూచి జిన్‌జెన్‌డార్ఫ్ తన ఇంటి వంటశాలనుండి వారికి భోజనము పంపించెను. వారు కలిసి తినిరి. నేటికిని మొరావియను సంఘములలో జరుగు ప్రేమవిందులకు ఇదియే ఆరంభము. ఆ దినమున క్రిస్టియన్ దావీదు సంఘకార్యముమీద సోరౌ అను పట్టణమునకు పోయియుండెను. ఏడాది క్రిందట వేరింటిలో కూర్చున్నవాడు ఇప్పుడు సంఘము పంపగా పోయిన పెద్దయై యుండెను.

సమాధానమును కాపాడుకొనుట

సమాధానము కుదుర్చుకొనుటకంటె దానిని నిలుపుకొనుట కష్టము. హెర్న్‌హూట్‌వారు ఇది యెరిగి కొన్ని ఏర్పాట్లు చేసికొనిరి. ఆగస్టు 27వ తేదీని 24 మంది పురుషులును 24 మంది స్త్రీలును గంటకొకరు చొప్పున రాత్రింబగళ్లు ఎడతెగక ప్రార్థించు క్రమము నారంభించిరి. అది నూరు సంవత్సరములకు పైగా సాగెనని ఆ సంఘ చరిత్రము చెప్పుచున్నది. 1728వ సంవత్సరమున దినమునకొక వాక్యమును ఇంటింటికి పోయి తెలుపు అలవాటు మొదలయ్యెను. 1731వ సంవత్సరమునకు ఆ దినవాక్యములు పుస్తకముగా అచ్చు వేయబడెను. అట్టి పుస్తకము నేటికిని ఏటేట అనేక భాషలలో వెలువడుచున్నది. ఇల్లిల్లు తట్టి వాక్యము చెప్పువానికి ఏ యింటి తలుపు మూసికొని యున్నదో ఆ దినముననే తెలియును.

ప్రభుభోజనమునకు ముందు పెద్దలు ఒక్కొక్కరితో ప్రత్యేకముగా మాటలాడు క్రమమునుకూడ వారు పాటించిరి. పురుషులతో పురుషులును, స్త్రీలతో స్త్రీలును మాటలాడుదురు. ఎవనితోనైన మనస్పర్థ యున్నచో ముందుగా దానిని తీర్చుకొనవలెను. ఈ విధముగా పగ పాతబడకమునుపే దానికి మందు దొరకెను.

చెరకు తోటలకు చేరిన వార్త

1731వ సంవత్సరమున జిన్‌జెన్‌డార్ఫ్ డెన్మార్కు రాజు పట్టాభిషేకమునకై కోపెన్‌హేగన్ నగరమునకు పోయెను. అచ్చట ఆంటన్ అను నల్లజాతి బానిస కనబడెను. అతడు వెస్టిండీసులోని సెయింట్ తామస్ ద్వీపమునుండి వచ్చినవాడు. ఆ ద్వీపము అప్పుడు డెన్మార్కు పాలనలో నుండెను. అచ్చటి తోటలలో ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలు పడు శ్రమను, వాక్యము వినగోరుచున్న తన సోదరి స్థితిని అతడు తెలిపెను. తరువాత అతడు హెర్న్‌హూట్‌నకు వచ్చి సంఘము ఎదుట మాటలాడెను.

1732వ సంవత్సరము ఆగస్టు 21వ తేదీని లియోనార్డ్ డోబర్ అను కుమ్మరియు, దావీదు నిట్ష్‌మన్ అను వడ్రంగియు హెర్న్‌హూట్‌నుండి కాలినడకను బయలుదేరిరి. డిసెంబరు 13వ తేదీని వారు సెయింట్ తామస్ చేరి, ఆంటన్ సోదరియగు అన్నాను, సోదరుడగు అబ్రాహామును కనుగొనిరి. వారిద్దరు తమ్ము తాము బానిసలుగా అమ్ముకొనిరని కొందరు చెప్పు కథ నిజము కాదు. అవసరమైనచో బానిసగుటకును సిద్ధమని డోబర్ తెలిపియుండుట మాత్రము నిజము. కొన్ని సంవత్సరములలో అచ్చట బానిసల సంఘము లేచెను. పూర్వము బానిసయై విడుదల పొందిన రెబెక్కా అను యువతి తోటతోటకు నడచిపోయి స్త్రీలకు బోధించెను. తోటల యజమానులు కోపించిరి. బోధకులు చెరసాలలో పెట్టబడిరి.

ఈ చరిత్రలో సిగ్గుపడదగిన భాగమును దాచకుండ చెప్పవలెను. 1738వ సంవత్సరమున ఆ మిషనువారు సెయింట్ తామస్‌లో తోటను కొనిరి; దానితోపాటు అందు పనిచేయు బానిసలకును యజమానులైరి. 1739వ సంవత్సరమున జిన్‌జెన్‌డార్ఫ్ ఆ ద్వీపమునకు వచ్చి, చెరలోనున్న బోధకులను విడిపించెను. కాని వెడలిపోవునప్పుడు బానిసలు తమ స్థితిని దేవుడు నియమించినదిగా ఎంచి లోబడి యుండవలెనని బోధించెను. తన జమీలోని రైతులను వెట్టినుండి విడిపించినవాడే, సముద్రమునకు ఆవలనున్న సహోదరుల సంకెళ్లను చూచి అట్లు పలికెను. ఒక్క బల్లయొద్ద సహోదరుడని పిలిచి, బల్లయొద్దనుండి లేచిన తరువాత వానిని సొత్తుగా నుంచుకొనుట సమాధానము కాదు.

ఆ సంఘములోని బానిసలు ఈ భేదము నెరిగియుండిరి. ఆ 1739వ సంవత్సరముననే మగ్దలీనా అను వృద్ధురాలు, ఆఫ్రికాలో మరోట్టా అను పేరుగలది, ద్వీపములోని స్త్రీల పక్షమున డెన్మార్కు రాణికి విన్నపము పంపెను. తోటల యజమానులు ప్రభువును సేవింపనియ్యక తమ్ము బాధించుచున్నారని ఆమె తన మాతృభాషలో విన్నవించెను. ఆ స్త్రీలు పగ తీర్చుకొనవలెనని కోరలేదు. నోరు మూసికొనియు నుండలేదు. 1848వ సంవత్సరము జూలై 3వ తేదీని, సెయింట్ క్రోయి ద్వీపములో బానిసలే గుంపులుగా కూడి స్వాతంత్ర్యము కోరగా, అచ్చటి గవర్నరు ఆ ద్వీపములందలి బానిసలందరు విముక్తులని ప్రకటించెను.

తోటల కుటుంబములకు ఈ చరిత్రము

బానిసత్వము రద్దయిన తరువాత అట్టి చెరకు తోటల పనికే భారతదేశమునుండి జనులను ఒప్పందముమీద తీసికొనిపోయిరి. మారిషసు ద్వీపమునకు 1834వ సంవత్సరమునుండియు, నెటాలునకు 1860వ సంవత్సరమునుండియు ఓడలు సాగెను. ఆ ఓడలలో తెలుగు కుటుంబములును ఉండెను. కావున సెయింట్ తామస్ తోటల కథ తెలుగువారికి కేవలము పరుల కథ కాదు. హెర్న్‌హూట్ వరుస యిండ్ల కథయు పరుల కథ కాదు.

ఈ చరిత్రమువలన తెలియునది యేమనగా, సమాధానము తనంతట తాను వచ్చునది కాదు. ఒకడు ముందుగా లేచి నడువవలెను. అట్లు నడువవలసినవాడు తరచుగా బలముగలవాడే: యజమానుడు, పెద్ద, కాపరి, ఇంటిలో పెద్దకొడుకు. పిమ్మట అందరికి తెలిసిన ఒడంబడిక కావలెను. మనవి వినుటకు నమ్మకమైన పెద్దలు కావలెను. మనసు కరగుటకు కొంతకాలమును కావలెను. తప్పిపోయి తిరిగి వచ్చినవానికి పీట మాత్రమే గాక పనియు నియ్యవలెను. తప్పును తప్పని చెప్పుట క్షమాపణకు విరోధము కాదు. క్షమాపణ నిజమైనదగుటకు అది అవసరము.

హెర్న్‌హూట్‌నకును బెర్తెల్స్‌డార్ఫ్ దేవాలయమునకును మధ్యనున్న దూరము ఒక మైలు మాత్రమే. ఆ మైలు నడచుటకు ఆ జనులకు ఐదు సంవత్సరములు పట్టెను. తోటలలోని వరుస యిండ్లకును మందిరమునకును మధ్య దూరము అంతకంటె తక్కువయే కావచ్చును. వచ్చు ప్రభుభోజన దినమున ఆ దారిని ఒంటరిగా నడచువారు ఒక్క నిమిషము ఆగి, మాటలు లేని పొరుగువాని గుమ్మమును తట్టి, వానితో కలిసి నడచుదురుగాక.